గ్యాస్ టర్బైన్ మంటలోకి ఆవిరి: నాక్స్ తగ్గించే పని, కొలత నుంచి షిఫ్ట్ లాగ్ దాకా

హైదరాబాద్ రామచంద్రపురంలో మా ఇంటికి వచ్చే కుర్ర ఇంజినీర్లు, గ్యాస్ విద్యుత్ కేంద్రాల నుంచి ఫోన్ చేసేవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే: "సార్, నాక్స్ తగ్గాలంటే స్టీమ్ వాల్వు ఎంత శాతం తెరవాలి?" నాక్స్ అంటే టర్బైన్ పొగలో వచ్చే కలుషిత వాయువులు, నైట్రోజన్ ఆక్సైడ్లు. వాటిని తగ్గించడానికే మంటలోకి ఆవిరి పంపుతారు. అంకె చెప్పడం తేలికే. కానీ ఆ ఒక్క అంకె పట్టుకుని వాల్వు తిప్పితే ఉన్న పని కూడా చెడుతుంది. వాల్వు దగ్గరికి చేరేసరికే పనిలో ముప్పాతిక వంతు అయిపోయి ఉండాలి. ఆ ముప్పాతిక ఏమిటో వరసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇదంతా డిఫ్యూజన్ మంటతో (ఇంధనం, గాలి మండేచోటే కలిసే మంట) నడిచే పాత తరహా కంబస్టర్ల (టర్బైన్‌లో ఇంధనం మండే గదుల) గురించి. మీ యంత్రంలో డ్రై లో నాక్స్ కంబస్టర్ ఉంటే, మంటలోకి ఆవిరి పంపే ఆలోచన ఇక్కడితో ఆపేయండి. అందులో ఇంధనాన్ని, గాలిని ముందే కలిపి పలచగా మండిస్తారు. ఆ మంటకు ఆవిరి తోడైతే ఆరిపోయే ప్రమాదం ఉంటుంది.

## 1. ఆవిరి అక్కడ చేసే పని

మంటలో వేడి 1500 డిగ్రీల సెల్సియస్ దాటాక గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలవడం జోరందుకుంటుంది. అలా పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లనే మనం నాక్స్ అంటాం. అక్కడి నుంచి వేడి కొంచెం పెరిగినా నాక్స్ బాగా పెరుగుతుంది. డిఫ్యూజన్ మంటలో కొన్ని చోట్ల 2000 డిగ్రీలు కూడా దాటుతుంది.

ఆవిరి ఆ వేడి చోట్లకు చేరి, అదే బరువున్న గాలితో పోలిస్తే దాదాపు రెట్టింపు వేడి పీల్చుకుంటుంది. మంట శిఖరం దిగుతుంది, నాక్స్ తగ్గుతుంది. అందుకే ఆవిరి ఇంధన నాజిల్ చుట్టూ, మంట మొదట్లోనే పడాలి. కంప్రెసర్ డిశ్చార్జిలోకి (కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గాలిలోకి) పంపే ఆవిరి ప్రధానంగా పవర్ పెంచడానికి. ఈ రెండూ వేరు వేరు లైన్లు, వేరు వేరు పనులు. డ్రాయింగు చూసి మీ దగ్గర ఉన్నది ఏదో మొదటే తేల్చుకోండి.

ఇంధనంలోనే నైట్రోజన్ సమ్మేళనాలు ఉంటే, వాటి నుంచి పుట్టే నాక్స్‌కు ఆవిరి మందు కాదు. సహజ వాయువుతో నడిపేవాళ్లకు ఆ బెంగ అక్కర్లేదు, భారీ నూనెలు వాడేవాళ్లే చూసుకోవాలి.

## 2. ముందు ఇప్పటి స్థితి కొలవండి

ఆవిరి లేకుండా, నిలకడైన లోడ్ మీద, కనీసం మూడు లోడ్ల దగ్గర నాక్స్, కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ రాసుకోండి. ఆ రోజు గాలి ఉష్ణోగ్రత, తేమ కూడా పక్కనే రాయండి. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నపు పొడి గాలికి, కాకినాడ వైపు సముద్రపు గాలికి చాలా తేడా ఉంది. గాలిలో తేమ ఎక్కువ ఉన్నప్పుడు నాక్స్ దానంతటదే కొంత తగ్గుతుంది. వానాకాలంలో తీసిన రీడింగును ఎండాకాలపు రీడింగుతో పోల్చి "ఆవిరి పనిచేయడం లేదు" అనుకున్నవాళ్లను చూశాను.

అనలైజర్ (పొగను కొలిచే పరికరం) చూపించే పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) అంకెను నేరుగా నమ్మకండి. పొగలో గాలి ఎక్కువ కలిస్తే ఆ అంకె పలచబడుతుంది, కాబట్టి దాన్ని 15 శాతం ఆక్సిజన్‌కు మార్చాలి:

సవరించిన నాక్స్ = కొలిచిన నాక్స్ × 5.9 ÷ (20.9 − కొలిచిన ఆక్సిజన్ శాతం)

ఉదాహరణకు అనలైజర్ 90 పీపీఎం చూపిస్తోంది, ఆక్సిజన్ 16 శాతం ఉంది. 90 × 5.9 ÷ 4.9 చేస్తే 108 వస్తుంది. హద్దు 100 అయితే, తెర మీద అంకె బాగానే కనిపిస్తున్నా మీరు హద్దు దాటేసినట్టే.

ఈ లెక్క పొడి శాంపిల్‌కు మాత్రమే సరిపోతుంది. ఆవిరి పంపడం మొదలుపెట్టాక పొగలో తేమ పెరుగుతుంది కాబట్టి శాంపిల్ కూలర్ సరిగ్గా పనిచేయకపోతే రీడింగు ఉన్నదాని కన్నా తక్కువ చూపిస్తుంది. కూలర్ డ్రెయిన్‌లో నీళ్లు కారుతున్నాయో లేదో కంటితో చూడండి.

హద్దు ఎంతన్నది మీ అనుమతి పత్రంలోనే చదవండి. 1999 జూన్ 1 తర్వాత మొదలైన సహజ వాయువు విద్యుత్ కేంద్రాలకు కేంద్ర నిబంధనల్లో 400 మెగావాట్లు, ఆపైన 50 పీపీఎం. 100 నుంచి 400 లోపు 75. 100 లోపు 100. కాలుష్య నియంత్రణ మండలి మీ పత్రంలో ఇంతకన్నా గట్టి హద్దు పెట్టి ఉంటే అదే వర్తిస్తుంది. సందేహం ఉంటే, తెలంగాణలో అయితే సనత్‌నగర్‌లోని మండలి కార్యాలయానికి రాతపూర్వకంగా రాసి అడగండి, ఫోన్‌లో విన్న మాట మీద డిజైన్ చేయకండి.

## 3. ఎంత ఆవిరి, ఎన్ని నీళ్లు

ఆవిరిని ఇంధనం బరువుతో పోల్చి లెక్కపెడతారు. కిలో ఇంధనానికి కిలో ఆవిరి అంటే నిష్పత్తి 1. సహజ వాయువుతో నడిచే డిఫ్యూజన్ కంబస్టర్ ఆవిరి లేకుండా 150 నుంచి 200 పీపీఎం ఇవ్వడం మామూలే. నిష్పత్తి 1 నుంచి 2 మధ్యకు వెళ్తే, డిజైన్‌ను బట్టి 42 పీపీఎం, ఇంకా బాగా కుదిరితే 25 దాకా దిగుతుంది.

20 మెగావాట్లు ఇచ్చే, 30 శాతం సామర్థ్యం ఉన్న యంత్రం అనుకోండి. లోపలికి వెళ్లే వేడి సుమారు 67 మెగావాట్లు. గ్యాస్ కిలోకి 48 మెగాజౌళ్లు ఇస్తే సెకనుకు దాదాపు 1.4 కిలోలు, గంటకు 5 టన్నుల గ్యాస్. నిష్పత్తి 1 అంటే గంటకు 5 టన్నుల ఆవిరి, రోజుకు 120 టన్నులు.

ఈ ఆవిరి కండెన్సేట్‌గా తిరిగి రాదు. మొత్తం చిమ్నీలోంచి పోతుంది. మనకు అర్థమయ్యే లెక్కలో చెప్పాలంటే, పది వేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు పన్నెండు. డీఎం ప్లాంటు (నీళ్లలోని లవణాలు తీసే ప్లాంటు) రీజనరేషన్‌కు, బాయిలర్ బ్లోడౌన్‌కు (బాయిలర్‌లో లవణాలు పేరుకున్న నీళ్లు వదిలేయడానికి) అయ్యే నీళ్లు దీనికి అదనం. వేసవిలో అపార్ట్‌మెంట్ ముందు ట్యాంకర్ కోసం ఎదురుచూసిన ప్రతి హైదరాబాదీకి ఆ పన్నెండు ట్యాంకర్ల విలువ తెలుసు. నీటి హామీ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. నాక్స్ ఎంత తగ్గాలో అంతవరకే ఆవిరి వాడమని నేను పదే పదే చెప్పేది కూడా అందుకే.

నేరుగా నీళ్లే చల్లకూడదా అని అడుగుతారు. చల్లవచ్చు. మరిగే వేడిని కూడా మంట నుంచే లాక్కుంటుంది కాబట్టి తక్కువ బరువుతోనే నాక్స్ తగ్గుతుంది. కానీ ఆ మరిగించే ఖర్చు మీ ఇంధనం మీద పడుతుంది, లైనర్లు (కంబస్టర్ లోపలి రేకు గోడలు) త్వరగా దెబ్బతింటాయి. పొగ వేడితో ఆవిరి తీసే హెచ్‌ఆర్‌ఎస్‌జీ ఉంటే ఆవిరే మేలు. అప్పుడు పవర్ కూడా కొంత పెరుగుతుంది.

## 4. ఆవిరి శుభ్రత

హైదరాబాద్ బోరు నీళ్లతో గీజర్ కాయిల్ మీద తెల్లగా గట్టిపడే పెచ్చు అందరం చూసిందే. ఆవిరితోపాటు బాయిలర్ డ్రమ్‌లోంచి నీటి తుంపర కొట్టుకొస్తే, అందులోని లవణాలు అలాగే టర్బైన్ బ్లేడ్ల మీద పేరుకుంటాయి. సోడియం మరీ చెడ్డది. గంధకంతో కలిసి సోడియం సల్ఫేట్ అవుతుంది, అది 884 డిగ్రీల దగ్గర కరిగి బ్లేడు లోహాన్ని తినేస్తుంది.

మొదలుపెట్టే ముందు చూడాల్సినవి:

- ఆవిరిలో సిలికా: సాధారణంగా 20 పీపీబీ (వంద కోట్లలో 20 వంతులు) లోపు
- సోడియం, పొటాషియం: తయారీదారు హద్దు ఇంధనం, గాలి, ఆవిరి మూడింటికీ కలిపి ఉంటుంది, ఆవిరికి ఒక్కదానికే అనుకోకండి
- డ్రమ్ లెవెల్ ఊగిసలాడకుండా ఉందా
- ఉష్ణోగ్రత తగ్గించడానికి ఆవిరిలో చల్లే నీళ్లు కూడా డీఎం స్థాయిలోనే ఉన్నాయా (చాలామంది మరిచిపోయేది ఇదే)

## 5. తయారీదారు అనుమతి లేకుండా కదలకండి

ఆవిరి తోడైతే టర్బైన్ గుండా వెళ్లే బరువు పెరుగుతుంది. కంప్రెసర్ మీద వెనక ఒత్తిడి పెరిగి, సర్జ్‌కు (గాలి వెనక్కి తన్నే ప్రమాదానికి) ఉన్న దూరం తగ్గుతుంది. ఆవిరి కలిసిన గ్యాస్ బ్లేడ్లకు వేడిని ఎక్కువగా అందిస్తుంది కాబట్టి, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత మారకపోయినా లోహం ఎక్కువ వేడెక్కవచ్చు. అందుకే కంట్రోల్ వక్రరేఖ మార్చాలా, తనిఖీల మధ్య గంటలు తగ్గించాలా అన్నది వాళ్లే చెప్పాలి. జనరేటర్, ట్రాన్స్‌ఫార్మర్ ఆ అదనపు పవర్‌ను మోయగలవో లేదో కూడా అడగండి. ఇంధన నాజిళ్లు ఆవిరి దారులు ఉన్న రకానివే కావాలి.

ఈ జవాబులన్నీ కాగితం మీద తీసుకోండి.

## 6. పైపు లైను

నా అనుభవంలో ఆవిరి పనిలో వచ్చే కష్టాల్లో ఎక్కువ భాగం పైపులో పుడతాయి. మంటకు చేరేది పొడి ఆవిరి కావాలి. ఒక్క దోసెడు నీళ్లు వెళ్లినా ఒక నాజిల్ దగ్గర మంట వణుకుతుంది, వేడి లైనర్ మీద చల్లని మచ్చ పడి పగులు మొదలవుతుంది.

కంబస్టర్‌లో ఒత్తిడి 11 బార్ ఉంటే, వాల్వులో, నాజిల్‌లో పోయే ఒత్తిడి కలుపుకుని లైనులో 20 బార్ దగ్గర ఉంటే నిశ్చింత. 20 బార్ గేజి దగ్గర నీరు మరిగేది 215 డిగ్రీల వద్ద. దానికన్నా కనీసం 30 డిగ్రీలు పైన (ఈ అదనపు వేడినే సూపర్‌హీట్ అంటారు), అంటే 245 డిగ్రీలు టర్బైన్ గుమ్మం దగ్గర ఉండాలి. బాయిలర్ దగ్గర ఉంటే చాలదు.

ఈ చివరి మాట ఎందుకంటున్నానో చెబుతాను. ఒక ఫ్యాక్టరీ సొంత విద్యుత్ కేంద్రంలో జూన్ మొదటి వాన పడిన సాయంత్రం ఎగ్జాస్ట్ చుట్టూ ఉన్న సెన్సర్ల ఉష్ణోగ్రతల మధ్య తేడా ఉన్నట్టుండి పెరిగింది. తెర మీద ఆవిరి 262 డిగ్రీలు, అంతా బాగున్నట్టే ఉంది. టార్చి పట్టుకుని పైప్ ర్యాక్ వెంట నడిచాం. ఒక ఎల్బో దగ్గర అల్యూమినియం రేకు జాయింట్ రెండు వేళ్లు పట్టేంత తెరుచుకుని ఉంది. అందులోంచి సన్నగా పొగలాంటిది లేస్తోంది. లోపలి ఇన్సులేషన్ ఊలు తడిసి ముద్దయింది. టర్బైన్ దగ్గర చేతి థర్మామీటర్‌తో చూస్తే 221. సెన్సర్ బాయిలర్ పక్కన ఉంది కాబట్టి తెరకు ఈ సంగతి తెలియదు. మరుసటి వారం సెన్సర్‌ను టర్బైన్ గుమ్మం దగ్గరికి మార్చాం. అప్పటి నుంచి ఏ ప్లాంటుకు వెళ్లినా ముందు చూసేది సెన్సర్ ఎక్కడుందన్నదే.

లైనులో ఇవి ఈ వరసలో ఉండాలి:

1. బాయిలర్ వైపు ఐసొలేషన్ వాల్వు
2. స్ట్రెయినర్
3. ఒత్తిడి, ఉష్ణోగ్రత సవరణతో ఫ్లో మీటరు
4. కంట్రోల్ వాల్వు
5. వేగంగా మూసుకునే రెండు స్టాప్ వాల్వులు, మధ్యలో వెంట్ లేదా డ్రెయిన్
6. నాన్ రిటర్న్ వాల్వు
7. కంబస్టర్ల మేనిఫోల్డు (ఆవిరిని కంబస్టర్లకు పంచే గొట్టం), దానికి ముందు ఒత్తిడి, ఉష్ణోగ్రత సెన్సర్లు

పైపు ప్రవాహం వైపే వాలుగా ఉండాలి. ప్రతి పల్లంలో, ప్రతి వాల్వు ముందు డ్రెయిన్, ట్రాప్ (ఆవిరిని ఆపి నీళ్లను మాత్రమే వదిలేది) ఉండాలి. మేనిఫోల్డు నుంచి ఒక్కో కంబస్టర్‌కు వెళ్లే గొట్టాలు ఒకే కొలతలో ఉంటే ఆవిరి సమానంగా పంచుకుంటుంది.

కొత్త లైనును కలిపే ముందు స్టీమ్ బ్లోయింగ్ తప్పనిసరి. నాజిళ్లకు కలపకుండా ఆవిరిని బయటికి వదిలి, దారిలో నున్నగా పాలిష్ చేసిన అల్యూమినియం టార్గెట్ ప్లేటు పెట్టాలి. ప్లేటు తీసి ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుని, గోటితో రాసి చూడండి. వెల్డింగ్ రవ్వలు తగిలిన చోట చిన్న గుంటలు గోటికి తగులుతాయి. అంగీకరించే గుంటల సంఖ్య తయారీదారు పత్రంలో ఉంటుంది. వరసగా రెండు ప్లేట్లు ఆ హద్దులో వచ్చేదాకా బ్లోయింగ్ ఆపకండి. "సాయంత్రానికి సింక్ చేయాలి" (గ్రిడ్‌కు కలపాలి) అన్న టెన్షన్‌లో ఒక్క బ్లోతో సరిపెట్టుకుంటే, ఆ రవ్వలు నాజిల్ రంధ్రాల్లో చేరతాయి. తర్వాత వాటిని తీయాలంటే యంత్రం ఆపాల్సిందే.

## 7. ఆవిరి ఎక్కించే వరస

1. టర్బైన్‌ను ఆవిరి లేకుండా స్టార్ట్ చేసి, తయారీదారు చెప్పిన కనీస లోడ్ దాటించండి. లోడ్ తక్కువగా ఉన్నప్పుడు ఆవిరి పంపితే మంట నిలవదు.
2. స్టాప్ వాల్వులు మూసి ఉంచి, డ్రెయిన్లన్నీ తెరవండి.
3. బాయిలర్ వైపు బైపాస్ కొద్దిగా తెరిచి లైను వేడెక్కనివ్వండి. ధడ్ ధడ్ శబ్దం వస్తే అది నీటి దెబ్బ. వెంటనే బైపాస్ తగ్గించి, నీళ్లు పోయేదాకా ఆగండి.
4. డ్రెయిన్ల నుంచి నీళ్లు ఆగి, పొడి ఆవిరి వచ్చేదాకా చూడండి. గొట్టం మూతి దగ్గర కాసేపు కంటికి కనిపించకుండా ఉండి, కాస్త దూరంలో తెల్లబడితే అది పొడి ఆవిరి. చెయ్యి దగ్గర పెట్టకండి, దూరం నుంచే చూడండి.
5. టర్బైన్ గుమ్మం దగ్గర 30 డిగ్రీల సూపర్‌హీట్ వచ్చి, నిలిచిందని నిర్ధారించుకోండి.
6. డ్రెయిన్లు మూసి, స్టాప్ వాల్వులు తెరిచి, కంట్రోల్ వాల్వును అతి తక్కువ ప్రవాహం మీద పెట్టండి.

మూడో మెట్టు దగ్గర తొందరపడకండి. చల్లబడిన పొడవాటి లైనుకు గంట పట్టినా ఫరవాలేదు.

## 8. ట్రయల్

లోడ్ కదలకుండా పట్టుకోండి. నిష్పత్తిని 0.2 చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గర 15 నుంచి 20 నిమిషాలు ఆగి ఇవి రాయండి: నాక్స్, కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్, ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతల తేడా, మంట డిటెక్టర్ సిగ్నల్, కంపనాలు, లోడ్.

మొదటి మెట్లలో నాక్స్ గబగబా దిగుతుంది, కార్బన్ మోనాక్సైడ్ కదలదు. ఒకచోట నాక్స్ దిగడం మందగిస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ ఒక్కసారిగా లేస్తుంది. గ్రాఫ్ కాగితం మీద రెండు గీతలూ గీస్తే ఆ మలుపు కంటికి కనిపిస్తుంది. మీ రోజువారీ నిష్పత్తి ఆ మలుపుకు ముందే ఉండాలి, హద్దుకు కాస్త జాగా మిగలాలి. హద్దు 100 అయితే, 80 దగ్గర ఆగడం నాకు సబబుగా తోస్తుంది. యంత్రం 40కి దిగగలదు కదా అని 40కి తోస్తే, నీళ్లూ పోతాయి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ కూడా పెరగవచ్చు. గాలి శుభ్రం కావాలనే కదా ఇదంతా చేస్తున్నాం.

ఇదే ట్రయల్ మూడు లోడ్ల దగ్గర చేయండి. ఆ మూడు అంకెలతోనే కంట్రోల్ సిస్టమ్‌లో ఇంధనానికి తగిన ఆవిరి పట్టిక తయారవుతుంది.

మే నెలలో ఒక ప్రలోభం ఉంటుంది. 42 డిగ్రీల ఎండలో టర్బైన్ పవర్ పడిపోతుంది, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న మన ఊరి పలచని గాలి దానికి తోడు. ఆవిరి పెంచితే మెగావాట్లు లేస్తాయి కాబట్టి చెయ్యి అటే పోతుంది. నాక్స్ కోసం పెట్టిన నాజిల్ లైనుతో ఆ పని చేయకండి.

## 9. ఆపేటప్పుడు, ట్రిప్ అయినప్పుడు

లోడ్ దించే ముందే ఆవిరి తగ్గించి, మూసి, ఆ తర్వాతే లోడ్ దించాలి. ట్రిప్ వచ్చిన (రక్షణ వ్యవస్థ యంత్రాన్ని ఉన్నట్టుండి ఆపేసిన) క్షణంలో స్టాప్ వాల్వులు రెండూ తమంతట తామే మూసుకుని, మధ్య డ్రెయిన్ తెరుచుకోవాలి. లేకపోతే ఇంధనం లేని వేడి యంత్రంలోకి ఆవిరి వెళ్తూనే ఉంటుంది. ఈ ఇంటర్‌లాక్‌ను కాగితం మీద చూసి సంతకం పెట్టకండి. యంత్రం ఆగి ఉన్నప్పుడు ట్రిప్ సిగ్నల్ ఇచ్చి, వాల్వు కదలడం కళ్లారా చూడండి.

ఆగిన తర్వాత కూడా డ్రెయిన్ గొట్టం వెచ్చగానే ఉంటే, వాల్వు లీకవుతున్నట్టు.

## 10. తరచూ వచ్చే తప్పులు, వాటికి మందు

ఆవిరి పెంచినా నాక్స్ తగ్గడం లేదు. ముందు ఫ్లో మీటరును అనుమానించండి, ఉష్ణోగ్రత సవరణ తప్పితే ఉన్నదాని కన్నా ఎక్కువ చూపించవచ్చు. తర్వాత స్ట్రెయినర్, ఆ తర్వాత శాంపిల్ లైను.

ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతల తేడా పెరిగింది. ఏదో ఒక కంబస్టర్‌కు ఆవిరి తక్కువ లేదా తడిగా వెళ్తోంది. ఆవిరి తగ్గించగానే తేడా తగ్గితే తప్పు ఆవిరి వైపే. తగ్గకపోతే ఇంధన నాజిళ్లు చూడండి.

కార్బన్ మోనాక్సైడ్ లేచింది. లోడ్ పడిపోయిందా చూడండి. లోడ్ తగ్గినప్పుడు నిష్పత్తి కూడా తగ్గాలి. పట్టిక లేకుండా ఒకే ప్రవాహం మీద వదిలేసినవాళ్లకు రాత్రి షిఫ్టులో వచ్చే సమస్య ఇది.

మంట డిటెక్టర్ మిణుకుమిణుకుమంటోంది. తడి ఆవిరి కావచ్చు, డిటెక్టర్ అద్దం మీద తేమ కావచ్చు. సూపర్‌హీట్ చూసి, అనుమానం ఉంటే ముందు ఆవిరి మూసేయండి, కారణం తర్వాత వెతకవచ్చు.

బోరోస్కోప్‌లో (యంత్రం లోపలికి చూసే సన్నని గొట్టం లాంటి పరికరం) బ్లేడ్ల మీద తెల్లని పొర కనిపించింది. డ్రమ్ నుంచి నీటి తుంపర వస్తోంది. ఆవిరి ఆపి, సోడియం రీడింగు, డ్రమ్ లెవెల్ చరిత్ర తీయండి. ఆ పొర నమూనాను ల్యాబ్‌కు పంపకుండా కడిగేయకండి.

## 11. షిఫ్ట్ చెక్‌లిస్ట్

ప్రతి షిఫ్టులో:

- టర్బైన్ గుమ్మం దగ్గర సూపర్‌హీట్ 30 డిగ్రీలకు పైన ఉందా
- ఆవిరి, ఇంధనం నిష్పత్తి పట్టిక ప్రకారం ఉందా
- 15 శాతం ఆక్సిజన్‌కు సవరించిన నాక్స్, పక్కనే కార్బన్ మోనాక్సైడ్
- ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రతల తేడా నిన్నటితో పోలిస్తే ఎలా ఉంది
- డీఎం ట్యాంకు మట్టం, ఇంకా ఎన్ని గంటలకు సరిపోతుంది

ప్రతి వారం:

- ట్రాపులు పనిచేస్తున్నాయా, ఒక్కొక్కటీ
- ఆవిరి శాంపిల్‌లో సిలికా, సోడియం
- అనలైజర్‌కు ప్రామాణిక గ్యాస్‌తో క్యాలిబ్రేషన్

మొదటి వానకు ముందు, మే నెలాఖరులో:

- లైను మొత్తం నడిచి, ప్రతి ఎల్బో దగ్గర, ప్రతి సపోర్టు దగ్గర రేకు జాయింట్లు చేత్తో తడిమి చూడండి. తెరుచుకున్నవి ఆ రోజే మూయించండి.